పదకొండో మనిషి పేరడిగిన ఆశన్న కాక

రెండు వారాల కిందటి మంగళవారం ఉదయం బొంబాయి దాదర్ స్టేషన్‌లో లోకల్ బండి మారుతుండగా ఫోన్ మోగింది. అవతల ఆశన్న కాక భార్య అనంతమ్మ చిన్నమ్మ. "బిడ్డా, మీ కాక ఇడిసిపెట్టి పోయిండే" అంది. జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు. నేను నిలబడ్డ చోటే నిలబడి "ఏ కాక?" అని అడిగాను. అనంతమ్మ చిన్నమ్మ ఫోన్ చేసి "మీ కాక" అంటే ఇంకెవరవుతారు? దుఃఖం మనిషి బుద్ధిని ఎంతగా మొద్దుబారుస్తుందో ఆ ప్రశ్న అడిగాక తెలిసింది. ఆదివారం నాడు నా ఎదుట కూర్చుని, రెండు కప్పుల చాయ్ తాగి, పండ్లు లేని నోటితో పావ్ నములుతూ నన్ను ఆటపట్టించిన మనిషి మంగళవారానికి కీర్తిశేషుడయ్యాడంటే నమ్మడానికి మనస్సు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఆశన్న కాక నాకు రక్తసంబంధీకుడు కాడు. ఒంటిగది కాపురాల మా చాల్‌లో రెండో అంతస్తు మూల ఖోలీ వాళ్లది, దాని పక్క గది మాది. పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చిన వాళ్ల కొడుకు. ముప్పై ఏళ్లకు పైగా బొంబాయి ఓడరేవు గోదీలో ఓడల తుప్పు గీకి రంగులు వేశారు. పండితుడు కాడు, మన సంఘంలో ఏ పదవీ చేపట్టలేదు, ఏ సభలోనూ శాలువా కప్పించుకోలేదు. అయినా ఆయన గ్రంథకర్త. డెన్మార్క్ దేశంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్ చరిత్రను ఏడు నోటుబుక్కుల నిండా తెలుగులో రాసిన మనిషి ఈ భూమండలం మీద మరొకరు ఉంటారని నేననుకోను. ఆ క్లబ్ అసలు పేరు ఆయనకు నోరు తిరిగేది కాదు. మనవాళ్లు కులానికో సంఘం పెట్టుకున్నట్టే దానికి 'రేవు సంఘం' అని పేరు పెట్టుకున్నారు. నేనూ ఆ పేరే వాడతాను.

ఇది ఎలా మొదలైందో ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. ఆయన యౌవనంలో ఒక డెన్మార్క్ ఓడ మరమ్మతు కోసం వచ్చి నెలన్నర ఆగిపోయింది. అందులోని ముసలి ఇంజనీరు మధ్యాహ్నపు ఎండలో కాక రంగు వేసే చోటికి వచ్చి కూర్చునేవాడట. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక మనిషికి సరిపోయేది కాదు. ఆ ఇంజనీరు కుర్రతనంలో రేవు సంఘం తరఫున ఆడాడు. వెళ్లేరోజున తన దగ్గరున్న క్లబ్ చరిత్ర పుస్తకాన్ని కాక చేతిలో పెట్టి, భుజం తట్టి వెళ్లిపోయాడు. పుస్తకం డేనిష్‌లో ఉంది. కాక అందులోని బొమ్మల కింద అంకెలు వేసి, ఒక్కొక్క బొమ్మ కథ ఏమిటని ఉత్తరం రాయించారు. ఇంజనీరు జవాబు రాశాడు. బతికున్నంతకాలం రాస్తూనే ఉన్నాడు.

మేమంతా మున్సిపల్ బడిలో మరాఠీలో చదువుకున్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడినా అక్షరం రాదు. ఆదివారాలు పొద్దున కాక మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి తెలుగు నేర్పేవారు. పాఠ్యపుస్తకం లేదు కనుక రేవు సంఘం చరిత్రే చెప్పి రాయించేవారు. నేను గుణింతాలు దాటి రాసిన మొదటి పూర్తి వాక్యం ఇది: 'వాళ్లు ఆవులు మేసే బీడులో సున్నంతో గీతలు గీసి ఆట మొదలుపెట్టారు.' మా నాన్న ఆ పలక చూసి, "ఇదేం చదువే, ఏ ఊరి ఆవులు?" అని నవ్వారు. ఇప్పటికీ నేను తెలుగులో నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ ఆవుల చలవే.

ఆ పుస్తకంలోని ఫొటోలను కాక మనవాళ్ల కంటితోనే చూశారు. కట్టుబడి పనిలో ముఠా ఫొటో దిగితే మేస్త్రీ మధ్యలో కుర్చీ మీద కూర్చుంటాడు, పనివాళ్లు చుట్టూ నిలబడతారు. రేవు సంఘం ఫొటోలోనూ ఒకడు కాళ్ల మధ్య బంతి పెట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. ఇంకేముంది, కాక అతణ్ణి మేస్త్రీ అని రాసేశారు. మొదటి నోటుబుక్కు నిండా 'మేస్త్రీ బంతిని కొట్టెను', 'మేస్త్రీకి కాలు బెణికెను' అనే ఉంటుంది. మేమూ అలాగే నేర్చుకున్నాం. ఒకసారి టీవీలో ఆట వస్తుంటే "వీళ్లలో మేస్త్రీ ఎవరు?" అని అడిగి మా అన్నతో మొట్టికాయలు తిన్నాను. అతను మేస్త్రీ కాదు, ఆటగాళ్లంతా చేతులెత్తి ఎన్నుకున్న నాయకుడు, మరుసటి ఏడు ఇంకొకణ్ణి ఎన్నుకున్నారు అని ఇంజనీరు తర్వాత రాశాడు. కాక ఆ ఉత్తరం పట్టుకుని చాల్ అంతా తిరిగారు. "సూడుండ్రి! పనోళ్లే చేతులెత్తి మేస్త్రీని పెట్టుకుంటరంట! మల్లొచ్చే ఏడు దించుతరంట! గట్లుంటదా యాడన్నా?" తప్పు బయటపడ్డందుకు సిగ్గుపడే మనిషి కాడాయన. తప్పు రాసిన మాట మీద ఒక్క గీత గీసి, కింద కనబడేలాగే ఉంచి, పక్కన నిజం రాసేవారు. చెరిపేయవచ్చు కదా అంటే "తప్పు జేసిన సంగతి గూడ చరిత్రనే బిడ్డా" అనేవారు.

యుద్ధకాలంలో పరాయి సైనికులు మైదానాన్ని ఆక్రమిస్తే రేవు సంఘం వాళ్లు ఆలుగడ్డల చేలో ఆడిన కథ, కర్రలతో కట్టుకున్న క్లబ్ ఇల్లు కాలిపోతే సభ్యులే మళ్లీ కట్టుకున్న కథ, జన్మకో శివరాత్రిలా ఒక్క ఏడు మాత్రం పెద్ద జట్ల సరసన చేరి మరుసటి ఏటికే కిందికి జారిపోయిన కథ, ఇవన్నీ మాకు కంఠోపాఠం. ఆ జారిపోయిన అధ్యాయమంటే కాకకు వల్లమాలిన ప్రేమ. ఆఖరి ఆటలో ఓడి వాళ్లు వాన నీళ్లలో ఇంటికి నడిచి పోయారనే చోటికి రాగానే పుస్తకం మూసి కళ్లు తుడుచుకునేవారు. పక్కపేట నాగ్‌పాడా వైపు నుంచి ఫుట్‌బాల్ ఆడే పిల్లలు కొందరు ఆ కథ వినడానికి వచ్చేవారు. వాళ్ల కోసం హిందీలో చెప్పేవారు, ఏడవాల్సిన చోట మాత్రం తెలుగులోకి దిగిపోయేవారు.

మన సంఘం సమావేశంలో ఒకసారి ఒక పెద్దమనిషి ఆయన్ను నిలదీశాడు. "ఆశన్నా, మనోళ్ల చరిత్ర రాయనీకి దిక్కులేదు గానీ, ఎవల్దో డెన్మార్కోళ్లది నీకెందుకయ్యా?" అందరూ నవ్వారు. కాక నవ్వలేదు. ఆ పుస్తకం చివరి పుటలు తెరిచి చూపించారు. "గిది సూడు. ఒక్క ఆట ఆడినోని పేరు గూడ ఉంది. గడ్డి కోసినోని పేరుంది. బట్టలుతికిన ఆమె పేరుంది. మనం గీ బొంబాయి కడితిమి. మనోళ్ల పేర్లు యాడున్నయి, బోల్?" ఆ పెద్దమనిషి చాయ్ వచ్చిందని లేచాడు.

ఇంత గొప్ప పుస్తకంలోనూ ఒక లోటు ఉంది. ఆ ఒక్క లోటే కాకను జీవితాంతం వెంటాడింది. అన్నిటికన్నా పాత ఫొటోలో పదకొండు మంది ఉన్నారు. కింద పది పేర్లే ఉన్నాయి. కుడివైపు చివర నిలబడ్డ మనిషి పేరు తెలియదని రాసి వదిలేశారు. ఇంజనీరుకూ తెలియలేదు. కాక భూతద్దం పెట్టి ఆ మనిషిని ఎన్ని వేలసార్లు చూశారో! "అందరి కాళ్లకు ఆట బూట్లున్నయి, ఈనకు మామూలు బూట్లు. అంగీ జూడు, భుజాల కాడ జారుతుంది. అది ఈనది గాదు. ఆ దినం ఎవుడో ఒకడు రాలే. నాకా మీదికెళ్లి ఒక మనిషిని తెచ్చి నిలబెట్టిండ్రు, బస్." పొద్దున్నే కూలి కోసం జనం నిలబడే కూడలిని మేం నాకా అంటాం. ముఠాలో ఒకడు తగ్గితే అక్కడి నుంచి ఆ పూటకు ఒకణ్ణి తెచ్చుకుంటారు. అతని పేరు ఎవరూ అడగరు. డెన్మార్క్‌లో నాకాలు ఉండవు కాకా అని నేను వాదించేదాన్ని. "మనిషి తక్కువ పడుడు ఏ దేశంల లేదే?" అనేవారు.

ఆ పేరు ఆయనకెందుకంత అవసరమో నాకు పెళ్లయిన తర్వాతే తెలిసింది, అదీ చిన్నమ్మ చెబితే. కాక తండ్రి పాలమూరు నుంచి వచ్చి, నాకా మీద నిలబడి, ఒక ముఠాలో ఆ రోజుకు పనికి వెళ్లి, పరంజా కూలి చనిపోయారు. కాకకు అప్పుడు నాలుగేళ్లు. తల్లి వెళ్లి పరిహారం అడిగితే మేస్త్రీ హాజరు పుస్తకం తెరిచి చూపించాడు. అందులో తొమ్మిది పేర్లున్నాయి, చివర 'పాలమూరు మనిషి ఒకడు' అని ఉంది. పేరు లేదు గనక నీ మొగుడే అని ఏమిటి రుజువు అన్నారట. ఆయన పేరు కుర్మయ్య. ఈ వ్యాసంలోనైనా ఆ పేరు అచ్చులో ఉండాలని రాస్తున్నాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా ఈ సంస్మరణ రాసే అర్హత నాకు లేదు. పోయిన వానాకాలంలో కాక నన్ను పిలిచి, ఆ క్లబ్‌కు ఉత్తరం రాయమన్నారు. ఇంజనీరు పోయి చాలా కాలమైంది, అక్కడ తెలిసిన మనిషి లేడు. "ఇప్పుడంత ఫోన్‌లనే పోతది గదా బిడ్డా. ఆ పదకొండో ఆయన పేరడుగు. చాల్ కూల్చుతరంట, నేను యాడ పడ్తనో. ఏడో పుస్తకంల ఒక్క గీత ఖాలీ ఉంచిన." నాలుగు పుటలు చెప్పి రాయించారు. ఫొటోను నా ఫోన్‌లోకి తీయించారు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, క్లబ్ చిరునామా వెతికి పంపడం అరగంట పని. నేను పంపలేదు. ఆఫీసు, బండ్లు, పిల్ల పరీక్షలు. వందేళ్ల కిందటి మనిషి గురించి ఎవరు జవాబిస్తారులే, ఆయన మనస్సు కష్టపడుతుంది అని కూడా అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. వారం తిరిగాక "పంపినవా?" అంటే, లేదనడానికి మొహం చెల్లక, "పంపిన కాకా" అన్నాను.

ఆ తర్వాత ఏడు నెలలపాటు ప్రతి ఆదివారం అదే ప్రశ్న. "జవాబొచ్చిందా?" రాలేదంటే ఆయనే వాళ్లను వెనకేసుకొచ్చేవారు. "ఎతుకుతుండ్రేమో పాపం. పాత సందూకలు దింపాలె, దుమ్ము దులపాలె. మనం తొందర పెట్టొద్దు." నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. అనుమానించి ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

మూడోనాడు చాల్ పైకప్పు మీద పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి ఆకులో పెట్టి కాకి ముట్టేదాకా ఎదురుచూడటం మన ఆచారం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. చాల్ ముందరి ఫోరస్ రోడ్ మీద ఎప్పుడూ గుంపులు గుంపులుగా ఉండే కాకుల్లో ఆ రోజు ఒక్కటీ దిగలేదు. "మనవని పెండ్లి మేం చేస్తం, పో" అన్నాడు కొడుకు. "నన్ను మంచిగ సూసుకుంటరు, నువ్ బేఫికర్ పో" అంది చిన్నమ్మ. కాకి రాలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మిగిలిన కోరిక ఏదో నాకు తెలుసు. నీళ్ల ట్యాంకు చాటుకు పోయి కూర్చుని, ఏడుస్తూ, ఆ నాలుగు పుటలు ఇంగ్లీషులోకి మార్చి, చిరునామా వెతికి పంపాను. నిజంగానే అరగంట పట్టింది. తిరిగి వచ్చేసరికి పిట్ట ముట్టిందని అందరూ దండాలు పెడుతున్నారు. తను ఫాక్‌లాండ్ రోడ్‌కు పరుగెత్తి బోటీ కూర తెచ్చి పెట్టడం వల్లే వచ్చిందని మనవడి నమ్మకం. నేను వాడి మాట కాదనలేదు.

పదకొండో రోజున జవాబు వచ్చింది. క్లబ్ కార్యదర్శి రాశాడు. మా ఉత్తరం చదివి ఊళ్లో నలుగురినీ అడిగారట. ఒక ముసలావిడ ఇంట్లో అదే ఫొటో ఉంది, వెనక పెన్సిల్‌తో పదకొండు పేర్లూ రాసి ఉన్నాయి. ఆ చివరి మనిషి ఆమె తాతకు అన్న. ఫొటో రోజున ఒక ఆటగాడికి జ్వరం వస్తే, ఆట చూడటానికి వచ్చిన ఇతనికి ఆ జ్వరం మనిషి చొక్కా తొడిగి నిలబెట్టారు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఒక్క ఆటా ఆడలేదు, అందుకే పుస్తకంలో పేరు లేదు. ఇన్నేళ్లలో అతని గురించి అడిగిన వారు ఆశన్న గారు ఒక్కరేనని, ఎందుకు అడిగారో ఆయన నోటి నుంచే వినాలని ఉందని రాశాడు.

ఎనిమిది రోజుల్లో వచ్చిన జవాబు ఇది. వానాకాలంలోనే పంపి ఉంటే ఏడో నోటుబుక్కులోని ఆ ఖాళీ గీత మీద కాక తన చేత్తోనే రాసుకునేవారు. మేం చదవడం రాయడం నేర్చుకోవాలని తన ఆదివారాలన్నీ ధారపోసిన మనిషికి నేనొక్క అరగంట ఇవ్వలేకపోయాను. ఆ గీత మీద నేనే రాశాను, నా దస్తూరీ ఆయన దస్తూరీ పక్కన వెలవెలబోయింది. అటువంటి గురువు మళ్లీ దొరకడు. ఆ మహనీయునికి చేతులెత్తి నమస్కరించడం తప్ప నాకు మిగిలిందేమీ లేదు.

కాకా, అతని పేరు నీల్స్. రొట్టెలు కాల్చేవాడట. నువ్వన్నట్టే ఆ అంగీ అతనిది కాదు. ఈ పేరు కోసం లోకం మొత్తంలో ఎదురుచూసినవాడివి నువ్వొక్కడివే. ఇప్పుడు దీన్ని తీసుకుపోయి నేనెవరికి చెప్పను?