గడ్డిమోపు మీద పేలిన తుపాకి

ఒక మోపు ఎండుగడ్డి కోసం మనిషి కాలు తీసినారు. తీసినాయన జైలుకు పోయే రోజు కూడా, నా సొత్తు నేను కాపాడుకుంటే తప్పేమిటన్నాడు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1961లో నేను గూడూరులో ఒక క్రిమినల్ వకీలు గారి దగ్గర గుమాస్తాని. నాకు లా కాలేజీ చదువు లేదు. కోర్టు కాగితాలకు నకళ్లు రాస్తూ రాస్తూ చట్టం నేర్చుకున్నాను. మా క్లయింటు కోటారెడ్డి గారు మెట్ట ఊరి నుంచి వచ్చి సముద్రం దాపున మాగాణి కొన్న రైతు. పైరు మీద పడే అడవిపందుల కోసమని ఆయనకు తుపాకి లైసెన్సు ఇచ్చినారు.

ఒకనాడు పొద్దు గుంకేవేళ, చేపల వేటతో బతికే పోలయ్య ఆయన ఇంటి పక్క గడ్డివామిలో మోపు గడ్డి లాగినాడు. "ఎవుర్రా అది?" అని రెడ్డి గారు ఎంత అరిచినా పలకలేదు. మోపుతో పోతున్నవాణ్ణి ఆయన వెనక నుంచి కాల్చినాడు. మోకాలు నుజ్జయింది. ఆస్పత్రిలో కాలు తీసేసినారు.

తుపాకితో చేసిన అంత గాయానికి చట్టంలో రాజీ లేదు. రెడ్డి గారు జైలు తప్పించుకోవాలంటే పోలయ్య దొంగ కావాలి. అందుకే మా వకీలు గారు బోనులో ఉన్న పోలయ్యను, "ఏమయ్యా, అంతగా అరిస్తే పలకలేదే, నోట్లో చేప పెట్టుకున్నావా?" అని అడిగినారు. కోర్టంతా నవ్వింది.

పోలయ్య నెమ్మదిగా చెప్పినాడు. వేటకు పోయిన పడవ పొద్దు వాలినా రాకుంటే వాళ్ల పల్లెలో ఒడ్డున మంట వేస్తారు. గడ్డి ఎవరి వామిలోనైనా లాగొచ్చు, మర్నాడు తెచ్చి ఇస్తారు. మంట అంటుకునేదాకా మోపు మోసేవాడు నోరు విప్పకూడదు. విప్పితే పడవ రాదని వాళ్ల నమ్మకం. మెట్ట నుంచి వచ్చిన రెడ్డి గారికి ఇదేమీ తెలియదు.

"గుండు తగిలినాక కూడా అరవలేదా?" అని మేజిస్ట్రేటు గారే అడిగినారు.

దానికి జవాబు తర్వాత బోనెక్కిన పల్లె సాక్షి మంగమ్మ చెప్పింది. "పాక్కుంటా వచ్చినాడు సామీ, మోపు ఈడ్చుకుంటా. మంట లేచినాకనే కేక బెట్టినాడు. ఆ మంట చూసే పడవ ఒడ్డుకొచ్చింది."

మేము ఎదుటి పక్షం వాళ్లం; అయినా నేను చేతులు జోడించినాను.

తీర్పులో పోలయ్యకు దొంగబుద్ధి లేదన్నారు. దొంగే అయినా, అడ్డుకోవడానికి ఎంత కావాలో అంతకు మించి గాయం చేసే హక్కు సొత్తుగలాయనకు లేదన్నారు. రెడ్డి గారికి ఏడాది జైలు. లైసెన్సు రద్దు.

ఆ కేసులో నేను నేర్చుకున్నది ఇంతే. సొత్తు కాపాడుకునే హక్కు చట్టం ఇస్తుంది, దాని హద్దు మాత్రం తుపాకి పట్టినవాడి కోపానికి వదలదు.

కొన్నేళ్ల తర్వాత గూడూరు స్టేషన్లో కర్ర ఊతంతో నిలబడ్డ పోలయ్య కనిపించినాడు. నాకు మనసు ఆగలేదు. "ఒక్క మాట పలికి ఉంటే కాలు దక్కేది గదా పోలయ్యా?" అన్నాను.

"దక్కేదే అయ్యా. పడవలో నా తమ్ముడుండాడు. నేను నోరు తెరిచి, వాడు రాకపోయుంటే, రెండు కాళ్లు పెట్టుకోని మా అమ్మ ముందరికి ఎట్టా పోయేది?"