నాగులమ్మ చూసిన ఆగ్రా

తోటపల్లి గూడూరు వైపు నుంచి ఏటా ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, పులుల అడవి చూడటానికి వెళ్లే టూరు బస్సులో నాగులమ్మ వంటమనిషి. బస్సు ఆగిన చోటల్లా జనం ఊరు చూడటానికి పోతే, ఆమె గ్యాసు పొయ్యి దించుకుని కొంగు బొడ్లో దోపుతుంది. తిరిగొచ్చినవాళ్లు తింటూ చెప్పుకునే మాటలన్నీ గరిటె ఆపకుండా వింటుంది. ఇంటికొచ్చాక, తీరాన తనతో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకు ఆ మాటలే కళ్లారా చూసినట్టు చెబుతుంది. పాలరాయి చల్లదనం చెప్పేటప్పుడు అరచేతిని చెంపకు ఆనిస్తుంది. పులి సంగతి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది.

ఈసారి ఆ ఆడవాళ్లే టిక్కెట్లు తీసుకున్నారు. "ఆగ్రాలో ఆ పూట వంట పెట్టుకోబాక అక్కా, హోటల్లో తింటాం. నువ్వు చూసిందే గదా, ముందు నడిచి అన్నీ చూపించు," అంది పక్కింటి రోజారమణి. నాగులమ్మ చేతిలోని చేపను తిప్పి, మళ్లీ తిప్పి, ఎండిన వైపే ఎండకు పెట్టింది. ఆగ్రాలో ఆమెకు తెలిసిందల్లా బస్సు నిలిపే స్థలమూ, దాని మూలనున్న కొళాయీ. "అక్కడ నీళ్లు మంచివి కావు రోజా," అంది. "ఎంత మంట పెట్టినా పప్పు ఉడకదు." ఆగ్రా గురించి ఆమె చెప్పిన మొదటి నిజం అది. ఆడవాళ్లు నవ్వేసి, తాజ్‌మహల్ దగ్గర ఏ రంగు చీర బాగుంటుందని ఆమెనే అడిగారు.