వంటింటి కొళాయి ఫోటో

ఒక ఫోటో పదేళ్లకు పైగా నన్ను స్థిమితంగా కూర్చోనివ్వడం లేదు. తీసింది నేనే. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీకు చెప్పి తీరాలి.

గుంతకల్లులో నాకు చిన్న స్టూడియో ఉంది. ఫిలిం రీళ్ల రోజుల్లో పెళ్లిళ్లతో పాటు, అమ్మకానికి పెట్టిన ఇళ్ల లోపలి ఫోటోలూ తీసేవాణ్ణి. బదిలీ మీద వచ్చే రైల్వేవాళ్లు సెలవు దొరక్క, ఫోటోలు చూసే ఇల్లు ఖాయం చేసుకునేవారు. ఆ పనిలో నాకు భలే పొగరుండేది. మూలకు ఆనుకుని నిలబడాలి, కెమెరా ఛాతీ ఎత్తులో పట్టాలి, కిటికీలన్నీ తెరవాలి, దండెం మీది బట్టలు తీసేయాలి. ఇరుకు గది కూడా హాయిగా కనబడేది. అంతవరకు తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

తప్పు ఒక ఖాళీ ఇంటి వంటింట్లో జరిగింది. ఆ ఇంటి బోరు అప్పటికే ఎండిపోయింది. మా వైపు ఇల్లు కొనేవాళ్లు గోడలు తరువాత చూస్తారు, ముందు కొళాయి చూస్తారు. ఆ ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరు దిగాలుగా నిలబడ్డాడు. ఉపాయం చెప్పింది అతను కాదు, నేను. పక్క వీధి నుంచి నాలుగు బిందెల నీళ్లు తెప్పించి మిద్దె మీది తొట్టిలో పోయించాను. కొళాయి తిప్పితే ధార కిటికీ వెలుగులో తళతళలాడింది. ఎంత బాగా వచ్చిందో ఆ ఫోటో! అది చూసే రాయచూరులో ఉన్న ఒక రైల్వే గార్డు ఇల్లు కొన్నాడు.

వాళ్లు కాపురానికి దిగిన కొన్నాళ్లకు ఆయన భార్య ఆ ఫోటో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కొత్తగా పెళ్లయిన పిల్ల.

"అన్నా, నిజం చెప్పు. నువ్వు పటం తీసిన పొద్దు బోరులో నీళ్లు ఉండెనా?"

"ఉండెనమ్మా. బాగా వస్తాండె."

ఆమె ముఖం వాడిపోయింది. "అయితే మా అత్త చెప్పేది నిజమే. నేను కాలు పెట్టినంకనే పోయినాయి."

'బోరులో నీళ్లు లేవమ్మా, నేనే పోయించినా' అంటే ఆమె తలెత్తుకుని వెళ్లేది. ఎందుకనలేదు? బ్రోకరు మళ్లీ పని ఇవ్వడనా? కాదు. నా పనితనం మోసమని నా నోటితో అనడం నాకిష్టం లేకపోయింది. ఛీ, అంతే! ఆ తరువాత ఆ వీధిలో ఎవరు బోరు వేయించినా, టెంకాయ కొట్టేటప్పుడు ఆమెను దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఒకసారి ఆ పూజకు ఫోటోలు తీసింది నేనే. ఆమె తన వాకిట్లో నిలబడి చూసింది. నేను తల దించుకుని రీలు మార్చుకున్నాను.

పోయిన వారం డిజిటల్ కెమెరా కొని పాత నెగెటివ్‌లు సర్దుతుంటే ఆ ఇంటివి బయటపడ్డాయి. ధార ఫోటోకు ముందు, సరదాకు తీసింది ఒకటుంది: బ్రోకరు నిచ్చెన మీద, భుజాన బిందె. దాన్ని పెద్ద సైజులో కడిగించాను.

ఆమె ఆ ఇంట్లోనే ఉంది. అత్తా బతికే ఉంది. రేపు పొద్దున్నే వెళతాను. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఫోటో చేతికిస్తాను. తిట్టనీ, చెప్పు తీయనీ. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అనవలసిన మాట మాత్రం తడబడకుండా ముందుగా మీ దగ్గర అంటున్నాను. అంటుంటేనే ఊపిరి కాస్త ఆడుతోంది.

అమ్మా, నువ్వు కాలు పెట్టకముందే ఆ బోరు ఎండిపోయిండె. ఆ నీళ్లు నేను పోయించినవి.