బావిలో వేసిన మెట్ట తాబేలు

పొద్దుటి నుంచి ముసురు. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్ కోసం కట్టిన బావికి పాచి రంగు వేస్తున్నాను. అందులో వదలడానికి ఫైబర్ తాబేలును తెచ్చారు. దాని మొద్దు కాళ్లు చూసి నా చేయి ఆగింది.

మా షేక్‌పేట పాత ఊరివాళ్లకు గుర్తుందా? నీళ్లలో పురుగు పడకూడదని బావిలో తాబేలును వేసేవాళ్లు. నా చిన్నప్పుడు ఒకసారి మా చిన్నాయన గుట్ట మీద దొరికిన తాబేలును తెచ్చి మా బావిలో వేశాడు. నాయనమ్మ తొంగి చూసింది.

"ఏందిరా ఇది? కాళ్లు ఏనుగు కాళ్ల లెక్క ఉన్నయి. నీళ్ల తాబేలుకు వేళ్ల నడుమ తోలుంటది, ఈదుతది. ఇది మెట్టది, మునిగి సస్తది!"

"తాబేలు యాడనన్న మునుగుతదా అమ్మా?" అని చిన్నాయన నవ్వాడు.

"నువ్వు దిగుతవా, నన్ను దిగమంటవా?"

తాబేలు బావి గోడను గీకుతున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. చిన్నాయన మోకు పట్టుకొని దిగేలోపే ఆ చప్పుడు ఆగిపోయింది. గంపలో పైకి తెచ్చి నేల మీద పెడితే తల లోపలే ఉంది. ముక్కు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"బతికున్నదా?" అని మా చెల్లె అడిగింది. ఆ మధ్యాహ్నం మమ్మల్ని అన్నానికి ఎవరూ పిలవలేదు, మేమూ అక్కడి నుంచి కదల్లేదు.

పొద్దుగూకే ముందు అది తల బయటపెట్టింది. గుట్ట వైపు వెళ్లిపోయింది.