డిటెక్టివ్ నవల మీద చెప్పిన వాక్యం

నేను ఏడో తరగతిలో చదువు మానేశాను. అందుకు చదువు కూడా పెద్దగా బాధపడినట్టు లేదు. మొయినాబాద్‌లో ఒక సైకిల్ షాపులో పనికి కుదిరాను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. నేనెప్పుడో చేసిన పనిని పిల్లలంతా ఇప్పుడు చేస్తున్నారని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

బడి లేక ఊరికే ఉన్న చేవెళ్ల పంతులొకాయన సైకిల్ బాగు చేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఒక డిటెక్టివ్ నవల ఇచ్చేవాడు.

"తిరిగిచ్చేటప్పుడు ఏం చదివినవో చెప్పాలె. ఊకె గ్రీసు చేతులతోని పేజీలు తిప్పితె గాదు" అన్నాడు.

అందుకోసం ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. ఏం రాయాలో తోచలేదు. మాది క్రైస్తవ కుటుంబం. ఇంటి ప్రార్థనల్లో బైబిలు చదివాక, ఆ వాక్యం తమతో ఏం మాట్లాడిందో ఒక్కొక్కరూ చెప్పాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ప్రతి నవల పేరు కిందా 'ఇది నాతో ఏం మాట్లాడింది' అని రాసుకున్నాను. పక్కన హంతకుడి బొమ్మ వేసేవాణ్ణి. ఎవరిని వేసినా మా షాపు సేటు మీసాలే వచ్చేవి. ముగింపు నచ్చకపోతే నాదొకటి రాసేవాణ్ణి. ఇంత సరదా పని ఇంకొకటి లేదనిపించింది.

బాపుకు చదువు రాదు. సాయంత్రం స్నానం చేసి, చదివి, కళ్లు మూసుకుని ఆలోచించి, రాసుకునే కొడుకును చూసి వీడు పాస్టరవుతాడనుకున్నాడు. నన్ను అడగలేదు, సంఘమంతా చెప్పుకున్నాడు.

ఆ వారం ప్రార్థన మా ఇంట్లో. పాటయ్యాక సంఘపెద్ద నావైపు తిరిగాడు.

"ఇయ్యాల వాక్యం నువ్వే చెప్తవట గద. మీ బాపుకు వారం సంది ఇదే ముచ్చట."

ఉతికిన అంగీ తొడుక్కున్న బాపు, నోటుబుక్కు తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. కాదంటే ఇంతమందిలో ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? తెరిచి, కనిపించిన వాక్యం చదివాను.

"ఇంట్ల అందరికన్న గట్టిగ ఏడ్చేటోని చేతులు చూడాలె."

"ఆమెన్" అంది పక్కింటి అవ్వ.

"మంచి మాట. ఏ అధ్యాయం?" అన్నాడు పెద్ద.

"పదకొండు, పెద్దనాయన. శావుకారు శవం దొరికిన కాడ."

"ఏ గ్రంథం?"

"డిటెక్టివ్ నవల."

బాపు తల దించుకున్నాడు. నేను నోటుబుక్కు మూసేశాను.

అవ్వే అందుకుంది. "ఆమెన్ అనేసిన, ఇగ ఎన్కకు తీసుకోను. ఎవడు సంపిండో చెప్పు బిడ్డా."

అందరూ నవ్వారు. "ప్రార్థన అయినంక" అని పెద్ద కళ్లు మూసుకున్నాడు. ఆయన అంత చిన్న ప్రార్థన చేయడం మేమెప్పుడూ వినలేదు. తర్వాత ఒక్కరూ కదలలేదు. కథంతా చెప్పాను. బాపు మాత్రం గడపలో అటు తిరిగి కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక దగ్గరికి వెళ్లాను.

"అయితె పాస్టరువు గావు."

"గాను బాపు."

"మరి ఇన్ని దినాలు నాకెందుకు చదివి చెప్పలేదురా?"

మర్నాటి నుంచి సాయంత్రాలు పైకి చదవడం మొదలుపెట్టాను. ప్రతి పేజీలో నా మాట కింద బాపు మాటకు చోటు వదిలాను. ఆ శవం నవలకు ఆయన చెప్పింది ఇది: "శావుకారు కుక్కను కట్టెయ్యకుంటె బతికేటోడు."

నవలలో కుక్క ఉందన్న సంగతే నేను గమనించలేదు.