ఇరవై ఎనిమిది కాళ్ల చిప్పు

ఒక మహాయుద్ధం కథ చెప్తాను. మంచుకొండ, తెగిపోయిన దారి, ప్రాణాల మీదికొచ్చిన ఒక రహస్య పని. అన్నీ నిజమే, యుద్ధం ఒక్కటి తప్ప. ప్రాణాల మీదికొచ్చింది మా కుక్‌కి. అదీ సిగ్గుతో.

నవంబరు మధ్యాహ్నం కంచరగాడిద వెనక నడుస్తూ సైనిక పోస్టుకు చేరాను. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. వీపు మీద ఇరవై కిలోలు. నా పని వైర్‌లెస్ సెట్టు పలికేట్టు చూడటం. బంకరులోకి దూరగానే స్టవ్ దగ్గర్నుంచి తెలుగు వినిపించింది.

"మార్కాపురం నుంచి వచ్చేది నువ్వేనా? మాది గిద్దలూరు. ముందు బూట్లు దులుపు తమ్ముడూ, నా పిండిలో మంచు పడతాంది."

ఆయనే కుక్. వాళ్ల నాయన కూలికి నాగపూర్ పోయి అక్కడే ఉండిపోవడంతో చదువు హిందీలో సాగింది. తెలుగులో ధారాళంగా తిడతాడు, చదవలేడు. గిద్దలూరులో ఒకటో తరగతి చదివే కూతురు ఫోనులో షరతు పెట్టింది: "నువ్వొచ్చినప్పుడు పలక మీద నీకొకటి రాసిస్తా నాయనా. నువ్వే చదవాల. అమ్మనడగకూడదు."

మార్చిలో ఆయనకు సెలవు.

"కాగితం మీద నేర్పిస్తాలే అన్నా."

"ఇంతమంది ముందర అ ఆలు దిద్దాల్నా? లోయలో దూకేది మేలు."

విశ్రాంతి గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. టీవీకి తగిలించే రకం, వయసులో నాకంటే పెద్దది. దాని ముందు కూర్చుంటే ఆడుకుంటున్నాడనుకుంటారు. అక్షరాల రూపాలన్నీ అందులో ఒక చిప్పులో ఉంటాయి. గళ్ల కాగితం మీద తెలుగు అక్షరాలు చుక్కలతో గీసి కింది వర్క్‌షాపుకు పంపాను. అక్కడి మెకానిక్ వాటిని కొత్త చిప్పులోకి ఎక్కించి పంపాడు.

"చిప్పు అందిందా? ఓవర్," అన్నాడు మెకానిక్ వైర్‌లెస్‌లో.

"అందింది. మెషిన్లో బెజ్జాలు ఇరవై నాలుగు, దీనికి కాళ్లు ఇరవై ఎనిమిది. ఓవర్."

"మిగతా నాలుగూ నీ నోట్లో పెట్టుకో. ఓవర్."

అందుకని అడాప్టర్ కట్టాను. పైన కొత్త చిప్పుకు సాకెట్టు, కింద పాత బెజ్జాల్లో దిగే పిన్నులు, మధ్యలో వెంట్రుకల్లాంటి తీగలు. ఆ చలిలో సోల్డరింగ్ చేస్తే వేళ్లు కాలినా తెలియదు. అదొక సౌకర్యం.

స్విచ్ వేశాం. తెరమీద 'అ' వచ్చింది, కుడిఎడమలు తారుమారై. బోర్డును వెనక నుంచి చూస్తూ ఎనిమిది డేటా తీగలనూ ఎదురు వరసలో అతికించాను. విప్పి మళ్లీ అతికిద్దామంటే సోల్డరు నిండుకుంది. దారి మంచుతో మూసుకుపోయింది.

"ఇది 'అ'నా?"

"'అ'నే అన్నా. అవతలి వైపు నుంచి."

కుక్ కాసేపు చూసి, గడ్డం గీసుకునే అద్దం తెచ్చి తెరకెదురుగా నిలబెట్టాడు. అందులో 'అ' చక్కగా ఉంది. అద్దం అక్షరాల వరసనూ తిప్పేస్తుంది కాబట్టి, మాట కావాలంటే మాత్రం చివరి అక్షరం నుంచి మొదటికి నేను టైపు చేయాలి.

చలికాలమంతా తెరకు వీపు పెట్టి అద్దంలో చదువుకున్నాడు.

"ఏమయ్యా, పెళ్లికొడుకువి అవుతున్నావా?" అనేవాడు హవల్దారు.

"అవును సాబ్," అనేవాడు, పెదవులు కదుపుతూనే.

మార్చిలో దారి తెరుచుకుంది, నాకూ సెలవు దొరికింది; ఇద్దరం కలిసి దిగాం. నన్నూ గిద్దలూరు లాక్కుపోయాడు. సంచి దించకముందే పిల్ల పలక తెచ్చింది. ఆయన గడప మీదే కూర్చుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టాడు.

"నా... య... నా... చ... లి... గా... ఉం... దా."

వేలు మళ్లీ 'నా' మీదికి తెచ్చి మొదట్నుంచి ఇంకోసారి చదివాడు. తర్వాత, "లేదమ్మా," అన్నాడు.

"నోటితో ఏంది నాయనా? రాసియ్యి." బలపం చేతికిచ్చింది.

రాయడం సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. ఆయన బలపం పట్టుకుని నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. పిల్ల ఆయన మోకాళ్ల మధ్య దూరి, స్టవ్ దగ్గర కాలిన మచ్చలున్న ఆ పెద్ద చేతి మీద తన చెయ్యి వేసి 'లే' దిద్దించింది. ఆ రెండు చేతులు ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోలేదు.

ఆ సాయంత్రం నేనెక్కిన మార్కాపురం బస్సులో కంభం దాకా సీటు దొరకలేదు.