పాలకు గీత, ఆయనకు చుక్క

నేను 2014 జూన్ 30న రిటైరయ్యాను, తెలంగాణ వచ్చిన ఇరవై ఎనిమిది రోజులకు. ఆ సాయంత్రం హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా చెల్లెలి కూతురు నా పని గురించి అంతా అడిగి తెలుసుకుని, "పెద్దమ్మా, నువ్వు ఇన్నేండ్లు చేసింది డేటా ఇంజనీర్ పనే" అంది. గోదావరిఖనిలో మేం దాన్ని రిజిస్టర్లు ఎక్కించుడు అనేవాళ్ళం. పేరు ఏదైనా, ఆ పనిలో నేను నేర్చుకున్నదంతా ఒక్క తప్పు నుంచి నేర్చుకున్నాను. దాని తేదీలన్నీ నా దగ్గర రాసి ఉన్నాయి.

1979లో నా భర్త గనిలో పోయాడు. మరుసటి ఏడాది ఆయన బదులు నాకు గని ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. మొదట ఫైళ్ళు మోశాను, తర్వాత పరీక్ష రాసి హాజరు చూసే గుమస్తానయ్యాను. 2001లో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. అప్పటికి నాకు నలభై ఏడేళ్ళు. దాన్ని ఉంచిన గదికి ఏసీ పెట్టారు. రామగుండం ఎండలకు మనుషులం మాడిపోతున్నా ఆ పెట్టె మాత్రం చల్లగా ఉండేది. మేం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. పది రోజులు నేర్పారు. నేర్పినదంతా వంద పేజీల నోటుబుక్కులో రాసుకుని ఇంటికి వెళ్ళి మళ్ళీ చదివేదాన్ని. నాలుగో నెలకల్లా పక్క సెక్షన్ వాళ్ళు కూడా నన్ను అడగడం మొదలుపెట్టారు. కొంచెం గర్వం వచ్చిందనే చెప్పాలి.

2004 చివరలో రెండు గనుల హాజరు పుస్తకాలను కలిపి ఒకే జాబితా చేసే పని నాకు అప్పగించారు. ఒక గని నుంచి ఇంకో గనికి మారినవాళ్ళకు రెండు నంబర్లు ఉండేవి. అలాంటివాళ్ళను వెతికి ఒకటి చేయాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టినతేదీ నాలుగూ కలిస్తే ఒకే మనిషి అని నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఒకే రోజు ఒకే మనిషికి రెండు హాజర్లు కనిపిస్తే ఒకటి పొరపాటున రెండుసార్లు ఎక్కిందని తీసేసేటట్టు కూడా నేనే పెట్టాను. అరవై నాలుగు జతలు తేలాయి. అరవై నాలుగూ కలిపేశాను. అందులో అరవై మూడు సరైనవి.

2006 జనవరిలో పర్మినెంటు చేయబోయే బదిలీ కార్మికుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. బదిలీ కార్మికుడంటే రోజూ షిఫ్టుకు వచ్చి నిలబడి, ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట పనికి దిగేవాడు. ఏడాదిలో నూట తొంభై రోజులు గనిలోకి దిగి హాజరు పడితే, అంటే నూట తొంభై మస్టర్లు ఉంటే, అతను పర్మినెంటు అవుతాడు. ఆ జాబితా తీసింది మొదటిసారి కంప్యూటర్ నుంచే. అభ్యంతరాలకు శనివారం దాకా గడువిచ్చారు.

మంగళవారం పొద్దున ఇద్దరు మనుషులు నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడ్డారు. ముఖాలు చూస్తేనే అన్నదమ్ములని తెలుస్తుంది. అన్నే మొదలుపెట్టాడు.

"అక్కా, నేను పోయినేడే పర్మినెంటైన. మా తమ్మునిది లిస్టుల లేదు. ఒక్కసారి చూడుండ్రి."

పేరు అడిగాను. చెప్పాడు. తమ్ముడి పేరు అడిగితే అదే పేరు మళ్ళీ చెప్పాడు.

"ఇద్దరిదీ ఒకే పేరా?"

"మా ఇంటి దేవుని పేరక్కా. నేను పెద్ద, వీడు చిన్న. ఊళ్ళె గట్లనే పిలుస్తరు. నౌకరీల పెట్టుకున్ననాడు గుమస్తా పెద్ద, చిన్న రాయలే."

పుట్టినతేదీలు చూశాను. ఇద్దరికీ జూలై ఒకటి, ఒకే సంవత్సరం. బడి కాగితం లేనివాళ్ళకు డాక్టరు చూసి పుట్టిన ఏడు అంచనా వేసేవాడు, తేదీ జూలై ఒకటి వేసేవారు. నాదీ జూలై ఒకటే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలియాలి? అన్న ఒక గనిలో, తమ్ముడు ఇంకో గనిలో. నా నియమం ఇద్దరినీ ఒక్క మనిషిని చేసింది. ఇద్దరూ దిగిన ప్రతి రోజూ తమ్ముడి హాజరును చెరిపేసింది.

విషయం చెప్పాను. అన్న నన్ను చూసి, "ఇద్దర్ని కలిపి ఒక్కన్ని చేసినవా అక్కా. మా అవ్వకు చెప్తె ఫికర్ చేస్తది, రెండుసార్లు కన్న కష్టం ఉత్తగ పాయెనని" అన్నాడు.

తమ్ముడు నవ్వలేదు. "ఈ యేడు పోతే మల్ల యేడు నిలబడాలె అక్కా" అన్నాడు.

జీతం పుస్తకాల్లో పైన పనిచేసిన రోజులూ కింద దిగిన రోజులూ కలిసే ఉంటాయి. కింద దిగిన రోజులు తేలాలంటే లైటు పుస్తకం చూడాలి. గనిలోకి దిగే ప్రతి ఒక్కరూ టోపీకి పెట్టుకునే లైటు తీసుకున్నప్పుడు ఒక గీత, తిరిగి ఇచ్చినప్పుడు ఇంకో గీత పడుతుంది. రెండు రోజులు లైట్లిచ్చే గదిలో కూర్చుని ఏడాది మొత్తం వెతికాను. నూట ఎనభై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. అంతే.

ఆ మాట తమ్ముడికి చెప్పాను. అతను మెల్లగా, "మా ఇంటామె క్యాలెండర్ల చుక్కలు పెడ్తది, తేవాల్నా?" అన్నాడు.

గురువారం ఆమె వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో తువ్వాలలో చుట్టిన గోడ క్యాలెండర్. చదువుకోలేదు. దాదాపు ప్రతి గడిలో ఒక అడ్డగీత, దాని కింద కొన్నిచోట్ల ఒక చుక్క.

"గీతేమో పాలు పోయించుకున్నదానికక్కా. చుక్క ఆయనకు."

"డ్యూటీకి పోయినప్పుడు పెడతావా?"

"పోయినప్పుడు ఎందుకు పెడ్త? వచ్చినంక పెడ్త."

1979లో మా ఇంట్లోనూ అలాంటి క్యాలెండర్ ఉండి ఉంటే ఒక గడి దగ్గర చుక్కలు ఆగిపోయేవి. తల వంచుకుని చుక్కలు లెక్కపెట్టాను. అవీ నూట ఎనభై తొమ్మిదే.

రెండు లెక్కలూ ఒకటే అయినప్పుడు ఇంకెవరైనా పుస్తకం మూసేసేవారు. నేనూ మూయబోయాను. కానీ మొత్తం కలిసిందని రోజులు కలిసినట్టు కాదు కదా అనిపించి, ఒక్కో తేదీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండుచోట్ల తేడా వచ్చింది. ఫిబ్రవరి 17న లైటు పుస్తకంలో గీతలున్నాయి, క్యాలెండర్‌లో చుక్క లేదు. ఆగస్టు 11న చుక్క ఉంది, లైటు పుస్తకంలో గీతల్లేవు. రెండూ గురువారాలే.

ఫిబ్రవరి గడిలో పాల గీత కూడా లేదు. "ఈ రోజు ఏమైంది?" అని అడిగాను.

ఆమె గడి చూసి, చంకలో పిల్లను చూసింది. "దవాఖానల ఉన్నక్కా. ఇది పుట్టింది. మా అత్త నా దగ్గరుంటది, నువ్వు డ్యూటీకి పో, మస్టర్ పోగొట్టుకోకు అని నేనే తోలిన."

ఆగస్టు సంగతి తమ్ముడికే గుర్తొచ్చింది. "ఆ దినం నా లైటు చార్జి ఎక్కలే. స్పేర్ లైటిచ్చిండ్రు."

స్పేర్ లైట్ల లెక్క అదే పుస్తకంలో వెనక నుంచి మూడో పేజీలో రాస్తారట. నాకు తెలియదు. ఆగస్టు 11, అతని నంబరు, పక్కన బొగ్గు వేలి మరకతో సంతకం. నూట తొంభై.

శుక్రవారం కాగితం రాసి తీసుకెళ్ళాను. మా ఆఫీసరు చదివి, "తప్పు నాది అని ఎందుకు రాశారు? కంప్యూటర్ లోపం అని రాస్తే సరిపోతుంది" అన్నాడు. "అది నేను చెప్పిందే చేసింది సార్" అన్నాను. ఆయన సంతకం పెట్టాడు. శనివారం కొత్త జాబితాలో తమ్ముడి పేరు ముందు 'చిన్న' అని నా చేత్తోనే రాశాను. మిగిలిన అరవై మూడు జతలనూ ఒక్కొక్కరిని పిలిచి అడిగాను. మార్చి దాకా పట్టింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మనిషిని అడగకుండా ఇద్దరిని ఒకటి చేయలేదు.

సోమవారం ఆమె క్యాలెండర్ కోసం వచ్చింది. అది పాతదైపోయింది, ఇంకెందుకని అడిగాను.

"పిల్ల పుట్టిన దినం గిండ్లనే ఉన్నది గద అక్కా. గా గడి చూపెట్టు, యాది పెట్టుకుంట."

చూపించాను. ఆమె వేలు ఆ ఖాళీ గడి మీద పెట్టి ఉంచింది. ఆ ఇంట్లో జూలై ఒకటి కాని మొదటి పుట్టినతేదీ అది. "ఆ దినం ఆయన మంచిగనే వచ్చిండు. నేనే ఇంట్ల లేను" అంది.

రిజిస్టర్లో ఖాళీ గడిని తర్వాత నింపకూడదని ముప్ఫై నాలుగేళ్ళు ఎంతమందికి చెప్పానో. ఆ రోజు పెన్ను ఆమె చేతికిచ్చాను. ఆమె పాల గీత వదిలేసి, కింద చుక్క పెట్టింది. తర్వాత కొంచెం ఆలోచించి దాని పక్కన ఇంకోటి, చిన్నది పెట్టింది.